నీలంగా వెలిగిందల్లా కార్బన్ డాట్ కాదు

కార్బన్ డాట్స్ అంటే కాంతి పడితే వెలిగే, నానోమీటర్ల సైజు కార్బన్ రేణువులు. వాటిని తయారుచేసి యూవీ టార్చి వేయగానే సీసాలో నీలం వెలుగు కనబడితే పని అయిపోయిందనుకుంటారు చాలామంది. నిజానికి అక్కడే మొదలవుతుంది.

తయారీ సులువే. సిట్రిక్ యాసిడ్ మోనోహైడ్రేట్ 1.05 గ్రాములు, ఇథిలీన్‌డయమీన్ 335 మైక్రోలీటర్లు (రెండూ చెరో 5 మిల్లీమోల్, అంటే సమాన సంఖ్యలో అణువులు), నీళ్లు 10 మిల్లీలీటర్లు. టెఫ్లాన్ కప్పున్న స్టీలు ఆటోక్లేవ్‌లో (పీడనం తట్టుకునే, మూత బిగించే పాత్ర) పోసి 200 డిగ్రీల దగ్గర 5 గంటలు. సిట్రిక్ యాసిడ్ డబ్బా మీద అన్‌హైడ్రస్ (నీరు లేనిది) అని ఉంటే 0.96 గ్రాములే తూచాలి. విశాఖ ఉప్పుగాలికి, తేమకి మూత సరిగ్గా బిగించని డబ్బాలో యాసిడ్ గడ్డకడుతుంది. దాన్ని నూరి తూస్తే అందులో యాసిడ్ ఎంతో, నీళ్లెంతో చెప్పలేం. కప్పుని మూడింట రెండొంతులకు మించి నింపొద్దు, పూర్తిగా చల్లారకుండా మూత తిప్పొద్దు.

పూర్ణా మార్కెట్ నిమ్మకాయల రసంతోనూ డాట్స్ వస్తాయి. కానీ ఈ వారం కాయలో ఉన్న పులుపు వచ్చే వారం కాయలో ఉండదు. ఒంట్లోకి పంపాల్సిన సరుకుకి అలాంటి నిలకడలేని ముడిసరుకు ఎందుకు?

అసలు చిక్కు ఏమిటంటే, ఈ చర్యలో డాట్స్‌తో పాటు బాగా వెలిగే చిన్న అణువులు కూడా పుడతాయి. అందుకే చిన్న అణువుల్ని బయటికి వదిలి డాట్స్‌ని లోపలే ఆపే 1000 డాల్టన్ల డయాలిసిస్ సంచిలో పోసి, బయటి నీళ్లు మారుస్తూ కనీసం రెండు రోజులు ఉంచాలి. మార్చే ముందు ఆ నీళ్ల మీద టార్చి వేసి చూడండి. వెలుగుతున్నంతసేపూ మారుస్తూనే ఉండాలి. చివరికి సంచిలో సరుకు వెలవెలబోయిందంటే, మొదట మురిసిపోయిన వెలుగులో ఎక్కువ భాగం అణువులదే.

క్వాంటం యీల్డ్ (పీల్చుకున్న కాంతిలో ఎంత తిరిగి వెలుగుగా వస్తుందో) కొలిచేటప్పుడు అబ్జార్బెన్స్ (ద్రావణం కాంతిని ఎంత పీల్చుకుంటుందో చెప్పే అంకె) 0.1 లోపు ఉంచాలి. దాటితే ద్రావణం తన వెలుగుని తానే మింగేస్తుంది. 350 నానోమీటర్ల కాంతి వేసినప్పుడు 397 దగ్గర లేచే సన్నని శిఖరం నీళ్లు చెదరగొట్టిన రామన్ కాంతిది, డాట్స్‌ది కాదు.

డాట్స్‌తో కణాల ఫొటోలు తీసే ఇమేజింగ్‌కి నీలం నాసిరకం. కణాల్లో సహజంగా ఉండే ఎన్ఏడీహెచ్ అనే అణువు కూడా నీలంగానే వెలుగుతుంది, పైగా ఆ కాంతి కండలో లోతుకి పోదు. 650 నానోమీటర్లు దాటి వెలిగే ఎరుపు డాట్స్ నయం. కాంతితో జబ్బు కణాల్ని చంపే ఫొటోడైనమిక్ చికిత్సకీ అవే మేలు. డాట్స్ వేయని కణాల ఫొటో అదే సెట్టింగుల్లో తీయకపోతే మిగతా ఫొటోలకు విలువ లేదు. కణాలు బతికున్నాయో లేదో రంగుతో చెప్పే ఎంటీటీ పరీక్షలో కణాలు లేకుండా డాట్స్ ఒక్కటే పోసిన బావి కూడా ఉండాలి, వాటి రంగు 570 దగ్గర రీడింగ్‌లో కలుస్తుంది.

డాట్స్‌ని ఫ్రీజ్‌డ్రై చేసిన (గడ్డకట్టించి ఆరబెట్టిన) పొడి తీయగానే సిలికా జెల్ డెసికేటర్‌లోకి (తేమ లేకుండా ఉంచే మూత పాత్ర) వెళ్లాలి. ఇక్కడి తేమకి బల్ల మీద వదిలేస్తే బెల్లం పాకంలా సీసాకి అంటుకుపోతుంది.