నెహ్రూ కుటుంబం: ఒక ఛాయాచిత్రం, కొన్ని ఉత్తరాలు

1927 ప్రాంతంలో తీసిన నెహ్రూ కుటుంబ ఛాయాచిత్రంలో జవహర్‌లాల్ తల్లిదండ్రులు మోతీలాల్, స్వరూపరాణి, భార్య కమల కూర్చుని ఉండగా, వెనుక జవహర్‌లాల్, ఆయన చెల్లెళ్లు, బాలిక ఇందిర తదితరులు నిలబడి ఉన్నారు. అందరినీ ఒకచోట చూపే ఆ చిత్రం కన్నా, వారిని విడదీసిన జైలు నుంచి వచ్చిన ఉత్తరాలే ఆ ఇంటి సంగతులు ఎక్కువ చెబుతాయని నా అభిప్రాయం. 1930 అక్టోబరు 26న, కుమార్తె పదమూడో పుట్టినరోజుకని నైనీ జైలు నుంచి రాసిన లేఖలో, ఖైదీనైన తాను వస్తురూపంలో కానుకేదీ పంపలేనని జవహర్‌లాల్ చెప్పుకున్నారు. (ఇందిర పుట్టింది నవంబరు 19న, సంవత్ పంచాంగం లెక్కన ఆ ఏడు పుట్టినరోజు ముందే వచ్చింది.) ఆ తర్వాత రెండు నెలలు దాటాయో లేదో, 1931 జనవరి 1న, కమల కూడా అరెస్టయ్యారు.