మన సప్లయర్‌కి సరుకు ఎవరిస్తున్నారు?

సప్లై చెయిన్ గురించి ఏ మీటింగులో కూర్చున్నా ఈమధ్య అవే మాటలు. ఒకే దేశం మీద ఆధారపడొద్దు, రెండో సప్లయర్‌ని పెట్టుకోవాలి, ఏఐతో డిమాండ్ అంచనా వేయాలి, అమ్మే చోటికి దగ్గర్లోనే తయారు చేయించాలి. ఇవి తప్పని నేననను. కానీ వీటన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సిన విషయం ఒకటుంది, చాలా కంపెనీలు దాని జోలికే వెళ్లడం లేదు. మనకి సరుకు ఇచ్చేవాడికి సరుకు ఎవరిస్తున్నారన్నదే ఆ విషయం.

పర్చేజ్‌లో పనిచేసేవాళ్లకి తమ సప్లయర్ గురించి బాగానే తెలుసు. రేటు, పేమెంట్ గడువు, లీడ్ టైమ్ (ఆర్డర్ పెట్టాక సరుకు చేరడానికి పట్టే కాలం), ఎవరికి ఫోన్ చేస్తే పని కదులుతుందో కూడా తెలుసు. ఆ సప్లయర్ ఎక్కడ కొంటున్నాడని అడిగితే కొంచెం తడబడతారు, అతని వెనకున్న మూడోవాడి గురించి అడిగితే సమాధానమే ఉండదు. పెద్ద దెబ్బలు చాలావరకు ఆ మూడో మెట్టు నుంచే వస్తాయి.

2011 మార్చి 11న జపాన్‌లో భూకంపం, సునామీ వచ్చినప్పుడు జరిగింది చూడండి. కార్ల పెయింట్‌లో ఎండ పడితే తళుక్కుమనేలా ఒక రకం పొడి కలుపుతారు. జిరాలిక్ అనే అలాంటి పొడి అప్పట్లో ప్రపంచం మొత్తానికీ ఒకే ఫ్యాక్టరీ నుంచి వచ్చేది, జర్మనీకి చెందిన మెర్క్ కంపెనీ జపాన్‌లోని ఒనహామాలో నడుపుతున్న ఫ్యాక్టరీ అది. అది ఆగిపోయేసరికి ఫోర్డ్ తన డీలర్లకి ఒక నలుపు రంగులో కొత్త ఆర్డర్లు తీసుకోవద్దని, కొన్ని ఎరుపు రంగుల్లో తగ్గించుకోమని చెప్పాల్సి వచ్చింది. ఇంజిన్ ఉంది, బాడీ ఉంది, టైర్లున్నాయి, రంగులో కలిపే చిటికెడు పొడి లేదు. కార్ల కంపెనీ ఆ పొడిని నేరుగా కొనదు, పెయింట్ కంపెనీ కొంటుంది. కాబట్టి ఇద్దరు పెయింట్ సప్లయర్లున్నా లాభం లేదు, ఇద్దరూ వెళ్లి ఆగేది ఆ ఒక్క గేటు దగ్గరే. కాగితం మీద రెండు దారులున్నట్టే కనిపిస్తుంది, నిజానికి ఉన్నది ఒకటే.

ఆ భూకంపం నుంచి గట్టిగా నేర్చుకున్న కంపెనీ టయోటా. గోడౌన్‌లో స్టాక్ పేర్చుకోకుండా ఏ రోజు కావాల్సింది ఆ రోజే తెప్పించుకోవడం ప్రపంచానికి నేర్పింది వాళ్లే. అలాంటి కంపెనీ తన సప్లయర్ల వెనకాల ఎవరెవరున్నారో కింది మెట్ల దాకా వివరాలు సేకరించింది, దొరకడానికి ఎక్కువ కాలం పట్టే చిప్‌లని నెలల తరబడి సరిపోయేలా స్టాక్ పెట్టుకోమని సప్లయర్లకి చెప్పింది. అందుకే 2021 మొదట్లో చిప్‌లు దొరక్క మిగతా కార్ల కంపెనీలు తయారీ లైన్లు ఆపుకుంటుంటే టయోటా చాలా నెలలు తట్టుకుని నిలబడింది. చివరికి అదే ఏడాది సెప్టెంబర్‌కి వాళ్లు కూడా అనుకున్న ఉత్పత్తిలో 40 శాతం కోసుకున్నారు, అది వేరే సంగతి. ఎంత స్టాక్ ఉన్నా ఎప్పుడో ఒకప్పుడు అయిపోతుంది, కానీ వేరే ఏర్పాటు చేసుకోవడానికి ఆ కొన్ని నెలలు చాలా విలువైనవి.

అసలు ఆ చిప్‌ల కొరత కూడా సగం మనం చేసుకున్నదే. 2020లో లాక్‌డౌన్లు రాగానే కార్ల కంపెనీలు భయపడి చిప్‌ల ఆర్డర్లు క్యాన్సిల్ చేశాయి. ఆ ఖాళీని ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు చేసేవాళ్లు నింపేశారు. కార్ల అమ్మకాలు అనుకున్నదానికంటే త్వరగా లేచేసరికి వీళ్లు క్యూలో చివరికి వెళ్లి నిలబడ్డారు. ఇక అక్కడినుంచి అందరికీ టెన్షన్ మొదలైంది, వంద కావాల్సినవాడు రెండొందలు ఆర్డర్ పెట్టాడు, అదీ ఇద్దరి దగ్గర. కింద ఉన్న చిప్ ఫ్యాక్టరీకి అసలు డిమాండ్ ఎంతో తెలిసే దారే లేదు. దీన్నే బుల్‌విప్ ఎఫెక్ట్ అంటారు. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీ వాళ్లు తాము చేసే పిల్లల డైపర్లలో ఎప్పుడో ఇది గమనించారు. పిల్లలు వాడేది ఏడాదంతా ఇంచుమించు ఒకేలా ఉంటుంది, షాపుల అమ్మకాల్లోనూ పెద్ద తేడా ఉండదు, కానీ డిస్ట్రిబ్యూటర్ల ఆర్డర్లు ఊగిపోతుంటాయి, ముడిసరుకు ఆర్డర్లు ఇంకా ఎక్కువ ఊగుతాయి. ఒక్కో మెట్టు దిగేకొద్దీ భయం పెరుగుతూ పోతుంది.

సముద్రం దారుల గురించి అందరికీ తెలిసిందే. 2021 మార్చిలో ఎవర్ గివెన్ అనే 400 మీటర్ల ఓడ సూయజ్ కాలువలో అడ్డంగా ఇరుక్కుని ఆరు రోజులు దారి మూసేసింది. 2023లో వానలు సరిగ్గా పడక, పనామా కాలువకి నీళ్లిచ్చే గాటున్ సరస్సులో నీళ్లు తగ్గి ఆ కాలువలో రోజుకి వెళ్లే ఓడల సంఖ్య తగ్గించారు. అదే ఏడాది చివర్లో ఎర్ర సముద్రంలో దాడులు మొదలై ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లాయి, ప్రయాణం పది రోజులో రెండు వారాలో పెరిగింది. ఇవి కళ్లకి కనిపించే కష్టాలు కాబట్టి ఎంతో కొంత సర్దుకోగలం. నా భయమంతా కనిపించనివాటి గురించే.

ఫ్యాక్టరీని చైనా నుంచి ఇంకో దేశానికి మార్చేస్తే రిస్క్ పోయిందనుకునేవాళ్లు 2025లో జరిగింది గుర్తుపెట్టుకోవాలి. ఏప్రిల్‌లో చైనా ఏడు రకాల రేర్ ఎర్త్ లోహాలకి, వాటితో చేసే మాగ్నెట్లకి ఎగుమతి లైసెన్స్ తప్పనిసరి చేసింది. ఈ మాగ్నెట్లలో చాలా పెద్ద వాటా చైనాలోనే తయారవుతుంది. కారులో ఇవి లేని చోటు వెతకాలి, ఎలక్ట్రిక్ కార్లని నడిపే మోటార్లలో, సీటు జరిపే చిన్న మోటార్లలో, స్పీకర్లలో, అన్నిట్లో ఉంటాయి. కొన్ని వారాల్లోనే అమెరికాలో, జపాన్‌లో కార్ల లైన్లు కొన్ని రోజులపాటు ఆగాయి. అసెంబ్లీ ఏ దేశంలో ఉన్నా మాగ్నెట్ వచ్చేది అక్కడినుంచే. బిగించే చోటు మారింది తప్ప ఆధారపడటం మారలేదు.

ఏఐ గురించి ఒక్క మాట. అది పాత లెక్కలు చూసి వచ్చే నెల అమ్మకాలు బాగానే చెబుతుంది. మన సప్లయర్ ఎవరి దగ్గర కొంటున్నాడో ఆ లెక్కల్లో లేనప్పుడు దానికీ తెలియదు. ఆ సమాచారం మనుషులే వెళ్లి అడిగి తెచ్చుకోవాలి, అడిగితే సప్లయర్లు అంత సులభంగా చెప్పరు కూడా. మా సోర్స్ తెలిస్తే మధ్యలో మమ్మల్ని తప్పించి నేరుగా కొనేస్తారేమో అన్నది వాళ్ల భయం, అందులో న్యాయం ఉంది. అన్ని పార్ట్‌లకీ ఒకేసారి అడగక్కర్లేదు. ఏ పార్ట్ రాకపోతే లైన్ ఆగిపోతుందో దానితో మొదలుపెట్టాలి, అది ఎంత చవకదైనా సరే. రేటు చూసి ముఖ్యమైన పార్ట్‌లు ఎంచుకుంటే ఆ పెయింట్ పొడి లాంటిది లిస్టులోకే రాదు.

ఇంకోటి, ఇది నాకు నిజంగా కోపం తెప్పించే విషయం. ముందుజాగ్రత్త పేరుతో పెద్ద కంపెనీలు చిన్న సప్లయర్ల మీద స్టాక్ భారం తోసేస్తున్నాయి. మూడు నెలల సరుకు మీ దగ్గరే ఉంచండి, అడిగిన రోజు పంపండి, డబ్బులు మాత్రం 90 రోజులకి ఇస్తాం అంటారు. ఆ మూడు నెలలూ బ్యాంకుకి వడ్డీ కట్టేది ఆ చిన్నవాడు. ఏదో ఒకరోజు అతను చేతులెత్తేస్తే ఆగేది మన లైనే. స్టాక్ కావాలంటే దాని ఖర్చు రేటులో కలిపి ఇవ్వాలి, లేదా ఆ సరుకుకి ముందే డబ్బు కట్టాలి. ఈ లెక్క పర్చేజ్ డిపార్ట్‌మెంట్ ఒక్కటే వేస్తే కుదరదు, ఫైనాన్స్ వాళ్లని కూడా ఆ టేబుల్ దగ్గర కూర్చోబెట్టాలి.