చర్చి క్వయిర్‌లో, అంటే పాటల బృందంలో, నిలబడేటప్పుడు ఏం వేసుకోవాలి?

బైబిలులో రెండవ దినవృత్తాంతములు 5వ అధ్యాయంలో 12, 13 వచనాలు విడదీయకుండా కలిపి చదవండి. సొలొమోను కట్టించిన మందిరంలోకి మందసం, అంటే దేవుని ఆజ్ఞల పలకలు ఉంచిన పెట్టె, వచ్చిన రోజు అది. ఆసాపు, హేమాను, యెదూతూను, వాళ్ల కొడుకులు, అన్నదమ్ములు, పాడేవాళ్లంతా సన్నపు నారబట్టలు వేసుకుని, తాళాలు, తంబురలు, సితారాలు పట్టుకుని బలిపీఠానికి తూర్పున నిలబడ్డారు, వాళ్లతో పాటు బూరలు ఊదే యాజకులు 120 మంది. ఆ తర్వాతి వచనంలో వాళ్లందరిదీ ఒకటే స్వరం. మందిరం మేఘంతో నిండిపోయింది.

ముందు ఒకే బట్ట, తర్వాత ఒకే గొంతు. ఎవరు ఏ ఇంటివాళ్లో ఆ బట్టల్లో తెలియదు. మొదటి దినవృత్తాంతములు 15:27లో అయితే దావీదు కూడా పాటకులతో పాటు సన్నపు నారబట్టల్లోనే ఉన్నాడు, రాజు అయ్యుండి!

అందుకే నేను క్వయిర్‌కు రోబ్, అంటే బట్టల మీద వేసుకునే పొడుగు అంగీ, ఉండాలనే అంటాను. రోబ్ కింద ఎవరి చొక్కా కొత్తదో ఎవరిది పాతదో ఎవరికీ కనబడదు, పాట వినడానికి వచ్చినవాళ్ల కళ్లు మనిషి మనిషి మీదా ఆగవు. కానీ ఆ రోబ్ చర్చిది అయ్యుండాలి. ప్రతి పండక్కీ కొత్త రంగు యూనిఫాం ఎవరి డబ్బుతో వాళ్లు కుట్టించుకోవాలంటే, ఇంట్లో కుదరనివాళ్లు నోరు తెరిచి చెప్పుకోలేక మెల్లగా ప్రాక్టీసుకు రావడం మానేస్తారు. యాకోబు 2వ అధ్యాయంలో ప్రశస్త వస్త్రాలు వేసుకున్నవాణ్ణి మంచి చోట కూర్చోబెట్టి, మురికిబట్టలవాణ్ణి కింద కూర్చోమనడం గురించి చదివి కూడా మనమే ఇలా చేస్తే ఎలా?

అదే నారబట్ట ఒకసారి గొడవ కూడా తెచ్చింది. మొదటి శతాబ్దంలో, యెరూషలేము దేవాలయం కూలిపోవడానికి కొన్నేళ్ల ముందు, పాడే లేవీయులు (మందిర సేవ చేసే లేవి గోత్రంవాళ్లు) యాజకులతో సమానంగా తమకూ నారబట్టలు కావాలని రెండో అగ్రిప్ప రాజును అడిగి అనుమతి తెచ్చుకున్నారని ఆ కాలపు యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. జోసెఫస్‌కది నచ్చలేదు, పితరుల ఆచారానికి విరుద్ధమన్నాడు. నాకు బాధ కలిగించేది వేరే. సొలొమోను రోజున అందరినీ ఒకటి చేసిన బట్ట, ఇక్కడ హోదా కోసం అడిగే బట్ట అయిపోయింది. మన క్వయిర్లలో సోలో పాడేవాళ్లకు ప్రత్యేకంగా మెరిసే డ్రెస్ అన్నప్పుడల్లా నాకిదే గుర్తొస్తుంది.

ఇంకొకటి, యెహెజ్కేలు 44:18. యాజకులు చెమట పుట్టించే బట్ట ఏదీ వేసుకోకూడదట. దేవుడు చెమట గురించి కూడా పట్టించుకున్నాడంటే నాకు ఎంతో ముచ్చటగా అనిపిస్తుంది. పాడేవాళ్లు దీన్ని అక్షరాలా తీసుకోవచ్చు. ఊపిరి పొట్టలోకి, పక్కటెముకల్లోకి దిగాలి కదా, నడుం దగ్గర బిగుతుగా ఉంటే పొడుగు చరణం మధ్యలోనే తెగిపోతుంది. కాలర్ బొత్తాం గొంతును నొక్కకూడదు. రోబ్ చేతులు మరీ వెడల్పుగా ఉంటే పేజీ తిప్పేటప్పుడు పుస్తకం అంచుకు తగులుకుంటాయి. మైకు ముందు నిలబడేవాళ్లు గాజులు, బ్రేస్‌లెట్లు ముందే తీసి పెట్టుకోవాలి, ప్రార్థనకు ముందు మెల్లగా పాడే పల్లవిలో ఆ గలగల ఒక్కటే వినబడుతుంది. రంగు గురించి నాకు పెద్ద పట్టింపు లేదు.

క్వయిర్ లీడర్లకు ఒక మనవి. కొత్తగా చేరినవాళ్లను రోబ్ లేదని ఆ ఆదివారం వెనక కూర్చోబెట్టకండి. బీరువాలో రెండు రోబ్‌లు అదనంగా ఉంచండి, అందులో ఒకటి పెద్ద సైజుది.