వంగకు 22 రోజులు, టమాటాకు 3: మన మూడు జిల్లాలకు ఒకే సాగు ప్రమాణం

క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 ఎస్.సి. అనే పురుగుమందు సీసాతో వచ్చే కరపత్రం ఒకసారి విప్పి చదవండి. టమాటా మీద కొడితే 3 రోజులు ఆగి కోయాలి. బెండ మీద కొడితే 5 రోజులు. వంగ మీద కొడితే 22 రోజులు. మందు అదే, పంట మారితే గడువు ఏడు రెట్లు పెరిగింది. వంగతోట కాపు మీద ఉంటే నాలుగైదు రోజులకోసారి కోత పడుతుంది. 22 రోజులు ఆపితే నాలుగు కోతలు ముదిరి పశువుల పాలే. అంటే ఈ మందును వంగలో కాయ పడకముందు, పురుగు మొవ్వు తొలిచే దశలోనే వాడుకోవాలి. కోతలు మొదలయ్యాక దాని జోలికి పోకూడదు. కాపులో 3 రోజుల గడువుండే ఎమామెక్టిన్ బెంజోయేట్ లాంటిది నయం. అదే ఎమామెక్టిన్‌కు బెండలో 5 రోజులు. బెండ రోజు విడిచి రోజు కోసే పంట, కాబట్టి అక్కడ అదీ కుదరదు.

శ్రీకాకుళం, విజయనగరం, 2022లో కొత్తగా ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలకు కలిపి పండ్లు, కూరగాయలకు ఒక ఉమ్మడి సాగు ప్రమాణం రాసుకోవాలని నేను గట్టిగా అనుకుంటున్నాను. అది రాయడం మొదలుపెట్టాల్సింది ఈ గడువుల దగ్గరే. ఊరికొకటి, సంఘానికొకటి కాకుండా మూడు జిల్లాలకు ఒకటే ఎందుకంటే, సరుకు ఊరివారీగా బయటికి పోదు. ఒక లారీలో నాగావళి ఒడ్డు వంకాయ, గరువు భూముల బెండ, ఇంకో మండలం టమాటా కలిసి ఎక్కుతాయి. కొనేవాడు ఒక బస్తాలోంచి నమూనా తీసి పరీక్ష చేయించి మందు అవశేషం ఉందంటే, లారీ మొత్తానికి చెడ్డపేరు. పద్ధతిగా పండించిన రైతుకు దాన్నుంచి తప్పించుకునే దారి ఈరోజు లేదు.

ఇది కొత్త ఆలోచనేం కాదు. ఇలాంటి మంచి సాగు పద్ధతుల ప్రమాణాలను ఇంగ్లిష్ పొడి అక్షరాల్లో గ్యాప్ అంటారు. యూరప్ దుకాణాల గొలుసులు 1997లో యూరెప్‌గ్యాప్ పేరుతో మొదలుపెట్టినది 2007లో గ్లోబల్‌గ్యాప్ అయింది. ఆగ్నేయాసియా దేశాలు 2006లో తాజా పండ్లు, కూరగాయలకు ఆసియాన్ గ్యాప్ తెచ్చుకున్నాయి. మన దేశానికి ఇండ్‌గ్యాప్ ఉంది. వీటిలో మనకు బాగా పనికొచ్చే నమూనా ఆసియాన్‌దే. ఆహార భద్రత, పర్యావరణం, కూలీల ఆరోగ్యం, సరుకు నాణ్యత అని నాలుగు భాగాలుగా విడగొట్టారు. ఏ భాగాన్నైనా విడిగా అమలు చేసుకోవచ్చు. ఎకరం, అరెకరం కమతాలున్న చోట నాలుగూ ఒకేసారి నెత్తిన పెడితే ఒక్కటీ నిలవదు. ముందు ఆహార భద్రత ఒక్కటే తీసుకుని, రెండు పంటకాలాలు అలవాటయ్యాక మిగతావి చేర్చుకోవాలి.

ఇక మందు మోతాదు. కరపత్రంలో హెక్టారు లెక్క ఉంటుంది, రైతు చేతిలో 16 లీటర్ల ట్యాంకు ఉంటుంది. తప్పు ఈ రెండింటి మధ్యే జరుగుతుంది. వంగలో పైన చెప్పిన మందు హెక్టారుకు 200 మిల్లీలీటర్లు, అంటే ఎకరాకు 80. ఎకరాకు 200 లీటర్ల నీళ్లు పడితే పన్నెండున్నర ట్యాంకులు. ట్యాంకుకు 6.4 మిల్లీలీటర్లు. సీసా మూతతో ఈ కొలత రాదు, మూత నిండా పోస్తే మోతాదు ఎంత దాటిందో తెలియదు. మందుల సిరంజి కానీ పది మిల్లీలీటర్ల కొలత గొట్టం కానీ ప్రతి ట్యాంకు దగ్గర ఉండటం ప్రమాణంలో తప్పనిసరి నిబంధన కావాలి. పైసల్లో తేలిపోయే వస్తువు.

ట్యాంకు గురించే ఇంకొకటి. వరికి కొట్టిన ట్యాంకే మర్నాడు బీరపాదుకు వెళ్తుంది. గొట్టంలో, నాజిల్‌లో మిగిలిన మందు చాలు. ఒక పంటకు అవశేష పరిమితి నిర్ణయించని మందు ఆ పంటలో కనిపిస్తే మన ఆహార భద్రత నియమాల ప్రకారం సాధారణంగా వర్తించే హద్దు కిలోకు 0.01 మిల్లీగ్రాము. యూరప్‌లోనూ అంతే. వంద టన్నుల కాయలో ఒక గ్రాము మందు అన్నమాట. అందుకే ట్యాంకును మూడుసార్లు కడిగి, ఆ నీళ్లను గట్టు మీద కాకుండా అదే మందు కొట్టిన మడిలోనే చల్లాలి. వీలైతే సంఘానికి కూరగాయల ట్యాంకులు వేరుగా ఉంచి, రంగు పూసి గుర్తు పెట్టాలి. కూరగాయల మీద నిషేధం ఉన్న మోనోక్రోటోఫాస్ లాంటి వాటి జాబితా రైతు సేవా కేంద్రం గోడ మీద పెద్ద అక్షరాల్లో ఉండాలి.

రాసుకోవాల్సింది ఎంత? అయిదే గడులు చాలంటాను: తేదీ, మడి, మందు పేరు, ఎన్ని ట్యాంకులు ఎంత మోతాదు, కోతకు ఎప్పుడు అనుమతి. చివరి గడి మందు కొట్టిన రోజే నింపాలి. కోత రోజున వెనక్కి లెక్కేస్తే తేదీలు సర్దేస్తారు. ఎగుమతి ప్రమాణాల్లోంచి నలభై పేజీల పుస్తకాన్ని దించుకున్న చోట ఒక్క రాత్రిలో ఒకే పెన్నుతో అన్నీ నింపేయడం తనిఖీ చేసేవాళ్లందరికీ తెలుసు.

ఎరువు దగ్గర మన ప్రాంతంలో చిక్కు ఒకటుంది. ప్రకృతి సాగులో జీవామృతం ఎక్కువగా వాడతారు: 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి. నేలకు మేలు, సందేహం లేదు. కానీ అది పచ్చి పేడ నీరు. కొత్తిమీర మీదో, పచ్చిగా తినే కీర మీదో పిచికారీ చేసి మర్నాడు కోస్తే ఈ.కోలై సూక్ష్మజీవి నేరుగా పళ్లెంలోకి వస్తుంది. రసాయనం లేదు కాబట్టి గడువు అక్కర్లేదనుకోవడం ప్రమాదం. అమెరికా ఆర్గానిక్ నియమాల్లో పచ్చి పేడ వేస్తే, తినే భాగం నేలను తాకే పంటకు 120 రోజులు, తాకని పంటకు 90 రోజుల ఎడం అడుగుతారు. మనం జీవామృతాన్ని ఆకుకూరల్లో విత్తే ముందు నేలకు, పాదుల్లో వేరు దగ్గర మాత్రమే ఇవ్వాలని రాసుకోవడం మంచిది. పేడకుప్పను కంపోస్టు చేస్తే లోపల 55 డిగ్రీల వేడి 15 రోజులు నిలవాలి, ఆ లోపు కనీసం అయిదుసార్లు తిరగేయాలి. తిరగేయకపోతే బయటి పొరలోని సూక్ష్మజీవులు చావవు.

కడిగే నీళ్లకు చెరువు పనికిరాదు. బోరు నీళ్లు 100 లీటర్లకు 30 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ వేస్తే, అందులో క్లోరిన్ మూడో వంతు ఉంటే, సుమారు 100 పీపీఎం (పది లక్షల వంతుల్లో వంద వంతులు) క్లోరిన్ వస్తుంది. మూత తీసి పెట్టిన సంచిలో క్లోరిన్ ఎగిరిపోతుంది. మట్టి ఉన్న కాయను నేరుగా ముంచితే ఆ మట్టే క్లోరిన్‌ను తినేస్తుంది. ముందు మట్టి కడగాలి, తర్వాత క్లోరిన్ నీళ్లు, చివర మంచినీళ్లు.

మామిడిలో ప్రమాణానికి కీలకం మందులకన్నా కోత, మాగబెట్టడం. సువర్ణరేఖ ముందుగా వస్తుంది, ముందొచ్చిన కాయకే ధర, అందుకే లేతకాయ కోసి కార్బైడ్‌తో రంగు తెప్పించే ఆశ పుడుతుంది. కార్బైడ్‌తో మాగబెట్టడం చట్టప్రకారం నిషేధం. ఇథిలీన్ వాయువును 100 పీపీఎం వరకు వాడొచ్చు. కానీ ఇథిలీన్ లేతకాయకు తీపి తేలేదు. కాబట్టి ముదురు కొలత ముందు పెట్టుకోవాలి: తొడిమ దగ్గర భుజాలు లేచి ఉండాలి, టెంక గట్టిపడాలి, నీళ్ల తొట్టిలో వేస్తే మునగాలి. తేలిన కాయను పక్కన పెట్టాలి. దోటికి చిక్కం కట్టి కాయకు బెత్తెడు లోపు తొడిమ ఉంచి కోసి, తర్వాత సెంటీమీటరు మిగిల్చి కత్తిరించి, బోర్లించి రెండు మూడు గంటలు జీడి (సొన) కారనివ్వాలి. జీడి తొక్క మీద పడిన చోట నల్లమచ్చ వస్తుంది, ఆ మచ్చతో గ్రేడు పడిపోతుంది. బరువును బట్టి సైజులు విడగొట్టడానికి మనం కొత్తగా ఏమీ కనిపెట్టనక్కర్లేదు. అంతర్జాతీయ ఆహార ప్రమాణమైన కోడెక్స్‌లో 200 నుంచి 350 గ్రాములు ఎ, 351 నుంచి 550 బి, 551 నుంచి 800 సి అని ఉంది. అదే తీసుకుందాం. పండు ఈగకు మామిడిలో మిథైల్ యూజినాల్ బుట్టలు, పాదుల్లో క్యూ ల్యూర్ బుట్టలు. ఒకదాని ఎర ఇంకోదాంట్లో పెడితే ఈగ పడదు. ఈ పొరపాటు చాలా తోటల్లో కనిపిస్తుంది.

తనిఖీకి సంఘం పద్ధతే దారి. గ్లోబల్‌గ్యాప్‌లో రైతుల బృందానికి ఒకే ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు ఉంది. సంఘం తన రైతులందరి పొలాలూ ఏటా తానే చూడాలి, బయటి తనిఖీదారు సభ్యుల సంఖ్యకు వర్గమూలమంత మందిని చూస్తాడు. వందమందుంటే పదిమందిని. ఆ పదిమంది ఎవరో ముందే తెలియకూడదు. ప్రతి క్రేటుకూ రైతు సంఖ్య, మడి సంఖ్య, కోత తేదీ కలిపిన గుర్తు ఉండాలి. 14వ రైతు, 2వ మడి, మే 11 అయితే 14-2-1105. కళాసీలు క్రేట్లు కలిపేసినా గుర్తు క్రేటుతోనే ఉంటుంది. పరీక్షకు పంపే నమూనా వంకాయ, టమాటా అయితే కనీసం 10 కాయలు, కిలో; మామిడిలాంటి పెద్దకాయ అయితే కనీసం 5 కాయలు, రెండు కిలోలు. కడగకుండా, మడి నలుమూలల నుంచీ కోసి శుభ్రమైన సంచిలో పంపాలి. ఒక మూల నుంచే తీస్తే, మందు తక్కువ పడిన మూల దొరికి పరీక్ష నెగ్గవచ్చు, లారీ మాత్రం నెగ్గదు.

పరీక్ష తప్పితే ఏం చేయాలో ముందే రాసి ఉండాలి. ఆ మడి కోతలు మాత్రమే ఆపాలి, మందు పుస్తకం, ట్యాంకు, పక్క పొలం నుంచి గాలికి కొట్టుకొచ్చే మందు మూడూ చూడాలి, గడువు దాటాక మళ్లీ నమూనా పంపాలి. మొదటి తప్పుకే రైతును సంఘం నుంచి తీసేసే నిబంధన పెట్టకూడదు. పెడితే మిగతావాళ్లు రాయడం మానేస్తారు, పుస్తకాల్లో తప్పులు కనిపించవు, లారీల్లో కనిపిస్తాయి. రెండోసారి అదే కారణంతో తప్పితే ఆ పంటకాలానికి అతని సరుకు వేరుగా అమ్ముకోమనాలి. పరీక్ష ఖర్చు రైతు మీద వేయకుండా క్రేటుకింత అని సంఘం ముందే తీసి పక్కన పెట్టుకోవాలి.