నాలుక కింద పది నిమిషాలు

పట్టుబడ్డప్పుడు నాకు 19 ఏళ్లు. జేబులో చిన్న హెరాయిన్ పొట్లం, బ్యాగులో నాది కాని ఫోను. ఆ ఫోను నాతో పనిచేసే అతనిది, అతను చేతులు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు తీశాను. ఇది ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే నాలాంటివాళ్లం మత్తు గురించి ఎంతైనా వివరంగా చెప్తాం గానీ దొంగతనం దగ్గరికి వచ్చేసరికి మాట మింగేస్తాం.

మొదలైంది మాత్రం ఆస్పత్రి మంచం మీదే. బైక్ మీంచి పడి కాలు విరిగితే రాడ్డు వేశారు, నొప్పికి ట్రమడాల్ ఇచ్చారు. కాలు బాగయ్యాక కూడా మాత్ర మానలేదు, అది వేసుకుంటే కాలొక్కటే కాదు, లోపల ఎక్కడా ఏదీ బాధపెట్టేది కాదు. తర్వాత మాత్రలు చాలలేదు. ఏడాదిన్నర తిరక్కుండానే హెరాయిన్. మధ్యలో అప్పులు, అబద్ధాలు, ఆ అబద్ధాలు గుర్తుపెట్టుకోలేక ఇంకొన్ని.

లాకప్‌లో మొదట ఆవులింతలు వచ్చాయి, ఆగకుండా. ముక్కు కారడం, కళ్ల నీళ్లు. జలుబనుకున్నారు. హెరాయిన్ ఆఖరిసారి తీసుకున్న పన్నెండు గంటల్లోపే మొదలయ్యే ఈ బాధ రెండో రోజుకి, మూడో రోజుకి ముదురుతుంది. కాళ్లు ఒక్కచోట ఉండవు, తన్నుకుంటూనే ఉంటాయి, చలికో భయానికో తెలియకుండా ఒళ్లంతా రోమాలు లేస్తాయి, పైనుంచీ కిందనుంచీ కడుపు ఖాళీ అయిపోతుంది. "యాక్షన్ చేస్తున్నాడు" అన్నారు ఒకాయన. తర్వాత నన్ను చూసిన డాక్టర్, కంటిపాపలు అంత పెద్దవి కావడం యాక్షన్‌తో వచ్చేది కాదన్నారు. మామూలుగా దీనితో ప్రాణం పోదట, కానీ ఒంట్లో నీళ్లన్నీ పోతున్నా పట్టించుకునేవాళ్లు లేకపోతే పోవచ్చు కూడా.

మొదటి నేరం, చిన్న వయసు, చేతిలో డాక్టర్ రిపోర్టు. ఈ మూడూ పట్టుకుని మా లాయర్ జైలుకి బదులు ప్రొబేషన్ అడిగారు, రెండేళ్లు ఇచ్చారు. చికిత్స మానకూడదు, వారానికోసారి ప్రొబేషన్ ఆఫీసర్‌ని కలవాలి, పిలిచినప్పుడల్లా మూత్ర పరీక్షకి వెళ్లాలి, నేను తీసిన ఫోను డబ్బు కట్టాలి, పాతవాళ్లతో తిరగకూడదు. తప్పితే జైలే. "బతికిపోయావురా" అన్నారు చుట్టాలు. నేనూ తప్పించుకున్నాననే అనుకున్నా.

ఆ పరీక్ష ఎలా ఉంటుందో తెలిస్తే అలా అనరు. మనం బాత్రూంలో నిలబడితే వెనక ఒక మనిషి చూస్తూ నిలబడతాడు. హెరాయిన్ జాడ మూత్రంలో రెండు మూడు రోజులుంటుంది. నాకేదో తెలివితేటలు ఎక్కువై, ఒకసారి పరీక్షకి ముందు మూడు లీటర్ల నీళ్లు తాగాను. మూత్రంలో మామూలుగా ఉండే క్రియాటినిన్ అనే వ్యర్థం డెసిలీటరుకి 20 మిల్లీగ్రాముల కంటే తగ్గితే నీళ్లు కలిసిన శాంపిల్ అని ల్యాబ్‌లో ఇట్టే పట్టేస్తారని నాకేం తెలుసు! మా ప్రొబేషన్ ఆఫీసర్ మేడమ్ రిపోర్టు బల్ల మీద పెట్టి, "దాహం బాగా వేసినట్టుందే" అన్నారు. అంతే. ఆ నవ్వని ముఖం ఇప్పటికీ గుర్తుంది.

అయిదో నెలలో మళ్లీ తీసుకున్నాను. కారణమేమీ లేదు, బాగానే ఉన్నాను, అదే కారణమేమో. ఆ రాత్రంతా నిద్రలేదు, తెల్లారగానే మేడమ్‌కి ఫోన్ చేసి చెప్పేశాను. జైలుకి బట్టలు కూడా సర్దుకున్నా. ఆవిడ డాక్టర్‌తో మాట్లాడారు, మందు డోసు పెరిగింది, వారానికి రెండుసార్లు రమ్మన్నారు, జడ్జిగారు గట్టిగా హెచ్చరించి వదిలారు. షుగర్ ఉన్నవాడికి షుగర్ పెరిగితే మందు మారుస్తారు కదా, నా విషయంలోనూ అదే జరిగింది. ఇంకో ఆఫీసరైతే ఏం చేసేవారో నాకు తెలుసు, అందుకే ఇందులో నా గొప్పేమీ లేదంటున్నాను.

నాతోపాటు పట్టుబడినవాడికి పాత కేసు ఉంది, వాడికి జైలు. ఏడు నెలలు. లోపల చికిత్స లేదు, మందూ లేదు, మత్తూ దొరకలేదు, చూడ్డానికి వాడు నాకంటే బాగయ్యాడు కూడా. బయటికొచ్చిన మూడో రోజు పాత లెక్కనే తీసుకున్నాడు. ఒంటికి ఆ అలవాటు పోయింది, మనసుకి పోలేదు. ఊపిరి ఆగిపోయింది. విడుదలైన మొదటి రెండు వారాలే అన్నిటికంటే ప్రమాదమని డాక్టర్లకి ఎప్పటినుంచో తెలుసు, మరి గేటు దగ్గర వాడి చేతిలో పాత బట్టల సంచి తప్ప ఇంకేమీ ఎందుకు పెట్టలేదో నాకిప్పటికీ అర్థం కాదు.

ఆఫీసు బయట కూర్చుని కూర్చుని ఈ ప్రొబేషన్ ఎక్కడ పుట్టిందా అని వెతికాను. 1841లో బోస్టన్‌లో జాన్ అగస్టస్ అనే చెప్పులు కుట్టే ఆయన కోర్టులో ఒక తాగుబోతుని చూసి, జైలుకి పంపొద్దు, నేను పూచీ ఉంటానన్నాడట. మూడు వారాల తర్వాత ఆ మనిషిని కోర్టుకి తెస్తే గుర్తుపట్టలేనంతగా మారిపోయాడట, జరిమానా ఒక్క సెంటు. మూడు వారాలంటే నాకు నవ్వొచ్చింది. నాకు మూడు వారాలప్పటికి అన్నం కూడా సరిగ్గా దిగలేదు.

నన్ను నిలబెట్టిన మందు బ్యుప్రెనార్ఫిన్, హెరాయిన్ మీది యావనీ మానేసిన బాధనీ అణిచే మాత్ర. ఒంట్లో హెరాయిన్ ఇంకా ఉండగానే దాన్ని తొందరపడి వేసుకుంటే ఉన్న బాధ ఒక్కసారిగా ఎక్కువవుతుంది, అందుకే మొదటి రోజు వణుకు బాగా మొదలయ్యేదాకా కూర్చోబెట్టారు. నాలుక కింద పెట్టుకోవాలి, కరిగేదాకా మింగకూడదు, మాట్లాడకూడదు. అయిదు నుంచి పది నిమిషాలు. రోజూ అమ్మ ఎదురుగా కూర్చునేది, మాత్ర ఉమ్మేస్తానేమోనని. మొదట్లో ఊరికే చూసేది. తర్వాత మాట్లాడ్డం మొదలుపెట్టింది, నేను అడ్డుచెప్పలేను కదా. "నా గొలుసు నువ్వే తీశావని నాకు ఆ రోజే తెలుసురా, మీ నాన్నకి పోగొట్టుకున్నానని చెప్పాను" అంది ఒకరోజు. ఆ రోజు పది నిమిషాలు ఎలా గడిచాయో చెప్పలేను.

ప్రొబేషన్ అయిపోయి ఏడాదైంది. మందు పూర్తిగా మానడానికి తొందరేం లేదన్నారు డాక్టర్. 16 నుంచి 2 మిల్లీగ్రాములకి వచ్చాను. చిన్న మాత్ర, తొందరగా కరిగిపోతుంది, ఒక్కోసారి అమ్మ మాట మధ్యలో ఉండగానే. కరిగిందని చెప్పను.