మ్యాపు టూల్స్ జాబితా సర్దిన రోజు

ఈరోజు చాలావరకు ఓపెన్ సోర్స్ మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ల జాబితాతోనే గడిచింది. ఇప్పటిదాకా అది డెస్క్‌టాప్, సర్వర్, డేటాబేస్, లైబ్రరీ (వేరే ప్రోగ్రాముల్లో కలుపుకునే కోడ్) అనే శీర్షికలతో ఉండేది. తయారుచేసేవాళ్లకు అది సుఖం. అడిగేవాళ్లు మాత్రం అలా అడగరు. "ఎక్సెల్‌లో చిరునామాలున్నాయి, మ్యాపు మీద చుక్కలుగా కనపడాలి, అంతే" అంటారు. అలాంటి మనిషి సర్వర్ శీర్షిక కింద, మ్యాపుల్ని నెట్ ద్వారా అందించే జియోసర్వర్ చూసి ఇన్‌స్టాల్ చేయడానికి కూర్చుంటే, దానికి కావాల్సిన జావా దగ్గరే ఓపిక అయిపోతుంది.

అందుకే ముందు పని, ఆ తర్వాతే సాఫ్ట్‌వేర్ పేరు అన్నట్టు తిరగరాశాను. చిరునామాకి అక్షాంశ రేఖాంశాలు కావాలంటే నామినాటిమ్. దాని పబ్లిక్ సర్వర్‌ని సెకనుకు ఒకసారికి మించి అడగకూడదన్న నియమాన్ని పేరు పక్కనే పెట్టాను, లేకపోతే ఎవరూ చదవరు. వచ్చిన చుక్కల్ని చూసి, సరిచేసి, ప్రింటు తీసుకోవాలంటే క్యూజిస్. ఫోన్‌తో బయట తిరిగి వివరాలు నింపాలంటే క్యూఫీల్డ్. క్యూజిస్‌లో చేసుకున్న ప్రాజెక్టే అందులో తెరుచుకుంటుంది. వెబ్ పేజీలో మామూలు మ్యాపు చాలనుకుంటే లీఫ్‌లెట్.

వెబ్ పేజీల్లో మ్యాపులు చూపించే ఇంకో లైబ్రరీ మ్యాప్‌లిబ్రే దగ్గర కాస్త ఎక్కువ రాయాల్సి వచ్చింది. 2020 డిసెంబరులో మ్యాప్‌బాక్స్ కంపెనీ లైబ్రరీ మ్యాప్‌బాక్స్ జీఎల్ జేఎస్ రెండో వెర్షన్ ఓపెన్ సోర్స్ లైసెన్స్ వదిలేసింది. అంతకు ముందున్న కోడ్ తీసుకుని కొనసాగించిందే మ్యాప్‌లిబ్రే. పాత పాఠాల్లో ఇంకా పాత పేరే ఉంటుంది, కొత్తవాళ్లు దాన్నే పట్టుకుని టోకెన్ (మ్యాప్‌బాక్స్ ఇచ్చే అనుమతి కీ) ఏదని వెతుకుతుంటారు. ఈ ముక్క చెప్పకుండా పేరొక్కటే ఇస్తే లాభం లేదు.

ఇక జీడాల్ (మ్యాపు ఫైళ్ల ఫార్మాట్లు చదివి మార్చేది), ప్రోజ్ (మ్యాపు కొలతల్ని ఒక పద్ధతి నుంచి ఇంకో పద్ధతికి మార్చేది). వీటిని పేరుపెట్టి అడిగేవాళ్లు తక్కువ, కానీ పైన చెప్పినవాటిలో క్యూజిస్, క్యూఫీల్డ్‌ల కింద నడిచేవి ఇవే. "ఫార్మాట్ మార్చాలి" అనే వరసలో జీడాల్‌ని పెట్టాను. ప్రోజ్‌కి విడిగా చోటు ఇవ్వలేదు. "రెండు మ్యాపులు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవట్లేదు" అన్న ఫిర్యాదు కింద దాని ప్రస్తావన చాలు.

తీసేయడమే కష్టమైంది. చివరి విడుదల తేదీ చూసి కొట్టేద్దామంటే కుదరదు. లీఫ్‌లెట్ 1.9.4 వచ్చింది 2023లో, ఇప్పటికీ ఎన్నో సైట్లలో హాయిగా నడుస్తోంది. గ్రాస్ అనే మ్యాపు విశ్లేషణ సాఫ్ట్‌వేర్ మొదలైంది 1980లలో, అమెరికా సైన్యం పరిశోధనశాలలో. ఇప్పటికీ కొత్త వెర్షన్లు వస్తున్నాయి. అందుకని తేదీ పక్కన ఇంకొకటి చూశాను: ఎవరైనా బగ్ రాస్తే జవాబిచ్చేవాళ్లు ఉన్నారా లేదా. లేకపోతే పేరు అట్టడుగుకి. ఇది కొందరికి నచ్చకపోవచ్చు, ఆ సాఫ్ట్‌వేర్ మీద వాళ్లకు అభిమానం ఉంటుంది. కానీ కొత్తగా వచ్చినవాడి టైమ్ ముఖ్యం.

అందరూ కలిసి తయారుచేస్తున్న ప్రపంచ మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ని టూల్స్ నుంచి విడదీసి డేటా అని వేరే వరసలో పెట్టాను. అది సాఫ్ట్‌వేర్ అనుకునేవాళ్లు చాలామందే. ఆ డేటా వాడితే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పేరు చెప్పాలని దాని ఓడీబీఎల్ లైసెన్స్ అడుగుతుంది, అదీ అక్కడే రాశాను.

పాత మ్యాపు ఫైల్ ఫార్మాట్ షేప్‌ఫైల్ బదులు కొత్తదైన జియోప్యాకేజ్ వాడమని చెప్పే వరస ఇంకా రాయలేదు. షేప్‌ఫైల్‌లో కాలమ్ పేరు పది అక్షరాల దగ్గర తెగిపోవడమొక్కటి చూపిస్తే వివరణ పెద్దగా అక్కర్లేదు. అది రేపు.