అమ్మను గదిలోంచి పంపిన పూట

"కన్నతల్లిని అర్రలకెళ్లి బయటికి తోలి, ఎవరో తెల్లామెతోని నీ కష్టం చెప్పుకున్నవంట గదా బిడ్డా! మేమంతా లేకపోతిమా?" అని మా చిన్నమ్మ మల్కాజిగిరిలోని తన ఇంట్లో నా ముందు అన్నం కంచం పెడుతూ అడిగింది. మూడు వారాల సెలవు మీద ఇంగ్లండ్‌లోని లీడ్స్ నుంచి వచ్చి అప్పటికి రెండు రోజులే అయింది. అమ్మ తల వంచుకుని నా కూతురికి పెరుగన్నం కలుపుతోంది. ఆ సంగతి అమ్మ ఆమెకు ఎప్పుడు చెప్పిందో నాకు తెలియదు గాని, ఏడాదిన్నరగా కడుపులో పెట్టుకునే ఉందని మాత్రం ఆమె తల ఎత్తకపోవడంతో అర్థమైంది. నేను జవాబు చెప్పలేదు. చెప్పవలసిన జవాబు పొడవైనది, అందులో సగం నాకు నేనే చెప్పుకోవలసినది.

లీడ్స్‌లో నేను ఒక కార్యాలయంలో జీతాల విభాగంలో పనిచేస్తాను. ప్రసూతి సెలవు మీద వెళ్లేవాళ్ల లెక్కలు కట్టడం నా పనిలో భాగం. 52 వారాల సెలవు, అందులో 39 వారాలకు చట్టం ప్రకారం డబ్బు, మొదటి 6 వారాలు సగటు జీతంలో 90 శాతం, ఆ తరువాత ఇంటి అద్దెకు కూడా చాలీచాలని మొత్తం. ఇవన్నీ కంఠతా వచ్చు గనుక బాలింతతనం కూడా వచ్చేసినట్టేనని ధీమాగా ఉన్నాను. భర్తకు దొరికిన రెండు వారాల సెలవు అయిపోయేనాటికి అమ్మ ఆరు నెలల విజిటర్ వీసా మీద దిగింది. పెట్టెలో ఒక చీర తప్ప తనకంటూ ఏమీ లేదు. మిగిలినదంతా శొంఠి, వాము, మిరియాలు, నువ్వుల నూనె, సాంబ్రాణి, నా తలకు కట్టడానికి పాత నేత గుడ్డలు. మోకాళ్ల నొప్పితో కింద కూర్చోలేని మనిషి, స్నానాల గదిలో చిన్న స్టూలు వేసుకుని కాళ్లు చాపి, వాటి మీద పాపను పడుకోబెట్టి నీళ్లు పోసేది. పాప ఆ కాళ్ల మీద ఏడ్చేది కాదు, నా ఒళ్లో మాత్రం ఏడ్చేది.

నేను ఏడవడానికి స్నానాల గదికే వెళ్లేదాన్ని, షవర్ తిప్పుకుని. ఎందుకంటే వచ్చిన మొదటి వారంలో ఒకసారి నా కళ్లు చూసి అమ్మ, "ఏడువకు బిడ్డా, ఏడిస్తే పాలు ఇంకిపోతయి" అన్నది. ప్రేమతో అన్నదే, ఆమెకు వాళ్లమ్మ చెప్పినదే. కాని ఆ రోజు నుంచి నా ఏడుపు నా కూతురి ఆకలితో ముడిపడిపోయింది. నిద్ర పట్టకపోవడం, పాపను ఎత్తుకుంటే ఎవరి బిడ్డనో ఎత్తుకున్నట్టుండటం, పాప పడుకున్నా గుండె దడదడలాడటం, ఇవేవీ పైకి చెప్పే వీలు లేకపోయింది. ఏడు సముద్రాలు దాటి వచ్చి నా మూత్రపు గుడ్డలు కూడా ఉతికిన తల్లికి, నువ్వు వచ్చినా నాకు చాలలేదమ్మా అని ఏ నోటితో చెప్పాలి?

ఆ దేశంలో ఐదేళ్లలోపు పిల్లలున్న ప్రతి ఇంటికీ ఒక హెల్త్ విజిటర్ ఉంటుంది. నర్సుగానో మంత్రసానిగానో అర్హత పొంది, దాని మీద మళ్లీ ప్రత్యేకంగా చదువుకున్న మనిషి. పుట్టిన 10 నుంచి 14 రోజుల్లో ఒకసారి వచ్చింది, పాపను తూచింది, వెళ్లింది. ఆరు వారాలు దాటాక మళ్లీ వచ్చి, పాపను తూచిన తరువాత అమ్మ వైపు తిరిగి, నాతో కాసేపు ఒంటరిగా మాట్లాడవచ్చా అని నవ్వుతూ అడిగింది. అమ్మకు ఇంగ్లీషు రాదు, కాని ఆ చెయ్యి తలుపు వైపు చూపించింది అర్థమైంది. లేచి వంటింట్లోకి వెళ్లి కొళాయి మొత్తం తిప్పింది. కడగడానికి గిన్నెలేవీ లేవు. తాను వినడం లేదని మాకు తెలియాలని తిప్పిందో, మరెందుకు తిప్పిందో నేను ఇప్పటివరకు అడగలేదు. నీళ్లు అలా పోతూనే ఉన్నాయి.

హెల్త్ విజిటర్ నా చేతికిచ్చిన కాగితం పేరు ఎడిన్‌బరో స్కేలు, పురుడు తరువాత తల్లికి పట్టుకునే దిగులును (డిప్రెషన్) పసిగట్టడానికి. 1987లో తయారైనది, పది ప్రశ్నలు, అన్నీ గత 7 రోజుల గురించే, మొత్తం 30 మార్కులు. దానితో జబ్బు తేలిపోదు, ఎవరిని ఇంకా జాగ్రత్తగా చూడాలో మాత్రం తెలుస్తుంది. ఆరో ప్రశ్నను మక్కీకి మక్కి చదివితే వస్తువులు నా మీదికెక్కుతున్నాయా అని అడిగినట్టుంటుంది. ఆ భాషలో పదేళ్లు ఉద్యోగం చేసిన నేను, అంత బాధలోనూ గుట్టగా పడి ఉన్న పాప బట్టల వైపు చూశాను. పనులు తలకు మించిపోతున్నాయా అని దాని అర్థం. పదో ప్రశ్న మాత్రం ఏ భాషలోనైనా ఒకటే: నీకు నువ్వు హాని చేసుకోవాలనిపించిందా? "చాలా అరుదుగా" అన్నదాని కింద గీత గీశాను. ఆమె కలం పక్కన పెట్టి, ఎప్పుడు, ఎలా అని నెమ్మదిగా అడిగింది, నేను చెప్పాను. మొత్తం 14 వచ్చాయి. ఆమె వెళ్లేలోపు అదే రోజు సాయంత్రానికి డాక్టరు దగ్గర సమయం తీసుకుంది.

అమ్మను ఎందుకు పంపావన్నదే చిన్నమ్మ ప్రశ్న. ఇంట్లో ఎవరైనా కొడుతున్నారా, బెదిరిస్తున్నారా అన్నది కూడా వాళ్లు అడగాలి, అది నలుగురిలో అడిగేది కాదు. భర్తైనా, అత్తైనా, తల్లైనా బయటికి పంపడం వాళ్ల పద్ధతి. పద్ధతి సరైనదే. కాని ఆ పద్ధతికి మా అమ్మ ఎవరో తెలియదు, ఆమె మోకాళ్ల సంగతి తెలియదు. నాకు మంట అక్కడే. అయితే అమ్మ ఆ గదిలోనే ఉండి ఉంటే ఆ గీత నేను గీసేదాన్ని కాదు, ఇది కూడా అంతే నిజం. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని ఏడాదిన్నరగా తిరుగుతున్నాను.

ఆ తరువాత హెల్త్ విజిటర్ కొన్ని వారాలు వచ్చి గంటసేపు కూర్చునేది. వినడమే పని. సలహా ఇవ్వదు, తన పిల్లల సంగతి చెప్పదు, ఆవులించదు. గంట కాగానే లేచి వెళ్లిపోతుంది, రాత్రి రెండింటికి పాపను ఎత్తుకునేది మాత్రం అమ్మే. పదిమందిలో ఒకరికి పైగానే తల్లులకు మొదటి ఏడాదిలో ఇలా అవుతుందని వాళ్లే చెప్పారు. అందులో ఎందరికి పక్క గదిలో తల్లి ఉంటుందో!

మన దగ్గర అడగరని నేనిప్పుడు తేలిగ్గా అనలేను. చిన్నమ్మ కాగితం చూడదు, కంచం చూస్తుంది. ఎవరు ఎన్ని ముద్దలు వదిలేశారో ఆమెకు లెక్క. కాని ఆ లెక్క తేలాక ఆమె చేసేది దిష్టి తీసి మిరపకాయలు పొయ్యిలో వేయడం, గాలి సోకిందేమోనని అనుమానపడటం. ఆశా కార్యకర్త వచ్చే ఇళ్లకు ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ కోసం 3వ రోజు నుంచి 42వ రోజు లోపు ఆరుసార్లు వస్తుంది, బరువు, జ్వరం, బొడ్డు చూస్తుంది. చిన్నమ్మ కూతురు, మా చెల్లె, మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తుంది. ప్రసూతి సెలవు చట్టానికి 2017లో వచ్చిన సవరణ పుణ్యమా అని పూర్తి జీతంతో 26 వారాల సెలవు ఉంది (జీతాల విభాగం దాన్ని గనుక నాకు అసూయ కలిగింది). పురుడు పుట్టింట్లోనే. ఐదు వారాల బాబు. ఆమె ఆసుపత్రి ఫైలు తిరగేశాను. బాబు బరువు నాలుగు చోట్ల ఉంది, కుట్ల సంగతి ఉంది, నిద్రపోతున్నావా అని అడిగిన గుర్తు ఎక్కడా లేదు. తొట్టెల వేడుక ఫొటోల్లో ఆమె ప్రతిదానిలోనూ నవ్వుతోంది.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆ గదిలో మేమందరం ఉన్నాం. చెల్లె కంచంలో అన్నం సగానికి సగం అలాగే ఉంది. చిన్నమ్మ కంచం వైపు చూసింది, నా వైపు చూసింది. ఆమెకు నా మీద కోపం ఇంకా తగ్గలేదు, ఆ రెండు రోజులూ ముభావంగానే ఉంది. మంచం మీది బాబును ఎత్తి భుజాన వేసుకుని, "అక్కా, నువ్వు గిట్లరా, పచ్చడికి చింతకాయ దంచాలె" అని అమ్మను పిలిచింది. చింతకాయ దంచడం ముందు రోజే అయిపోయిందని నాకు తెలుసు. ఇద్దరూ వెళ్లారు. తలుపు దగ్గరికి వేశారు గాని గడియ పెట్టలేదు.

తెలుగులో ఎలా మొదలుపెట్టాలో తోచలేదు. గత ఏడు రోజులుగా అని మొదలుపెడితే బ్యాంకు వాళ్లు ఫోను చేసినట్టుంటుంది. ఫోనులో 14416 నంబరు, మనసు బాగాలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్‌ది, వచ్చే ముందే రాసి పెట్టుకున్నాను, తెలుగులోనే మాట్లాడతారు. అదీ తీయలేదు. మంచం అంచున కూర్చుని, "రాత్రి బాబు పడుకున్నంక నువ్వేం చేస్తవే?" అని అడిగాను.

చెల్లె తలుపు వైపు చూసింది. వంటింట్లోంచి రోకలి చప్పుడు మొదలైంది, ఖాళీ రోట్లో.